తల్లివేరు లేని చెట్లు

కల్లూరు, మంగళవారం

పొద్దున మా కంది చేన్ల సాళ్ల నడుమ గంజాయి చెట్లు కనబడ్డయి. నాలుగు పీకి తెచ్చి మా ఆయనకు చూపెట్టిన.

"పిట్టలు ఇత్తనాలు ఏసినయేమో. వాటంతట అవే మొలిచినయి" అన్నడు.

ఇత్తనంతోని మొలిస్తే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉంటది. తల్లివేరు లోతుకు దిగుతది. ఇవన్నీ ఒక్క తీరుగ ఉన్నయి. ఒక్కదానికీ తల్లివేరు లేదు, కోసిన కొన చుట్టూ కుచ్చు లెక్క సన్నవేర్లే. ఎవలో ఒకే చెట్టు కొమ్మలు కోసి నాటిండ్రు.

కొమ్మ నాటి బతికిచ్చుడు మా ఇంట్ల ఎవలికొస్తది? వాకిట్ల గులాబీలన్నీ ఆయన నాటినవే.

ఉత్తగనే అనుమానపడుతున్ననా? గానీ చెట్టు చేతికిచ్చినప్పుడు ఆయన ఆకు దిక్కు చూడనే లేదు. సీదా వేరు చూసి, పిడికిట్ల మూసుకున్నడు.