అట్టడబ్బా నీళ్ల వల్ల మా ఇంట్లో కలిగిన ఇబ్బంది

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,

జనగామ పట్టణం, స్టేషన్ రోడ్డు, కిరాణా టోకు వ్యాపారి బ్రహ్మానందం, వయసు అరవై ఆరు, ప్రతి సోమవారం తాము ప్రజల అర్జీలు స్వీకరించు ప్రజావాణిలో సమర్పించుకొను అర్జీ.

విషయం: విహార ఓడలలో ప్లాస్టిక్ వాటర్ బాటిళ్లను తొలగించి, వాటికి బదులుగా అట్టడబ్బాలలో నీళ్లు ఇచ్చుటను నిలుపుదల చేయించుట గురించి, తద్వారా నా భార్య రాజమణి నాతో మునుపటివలె ఉండునట్లు చేయుట గురించి.

సూచిక: (1) రాజమణి మౌఖికంగా తెలిపిన అభ్యంతరం. (2) ప్లాస్టిక్ బాటిళ్లతో మా దుకాణం వెనుక మురుగునీటి మోరీ నిండిపోవుట గురించి ఇదే కార్యాలయంలో లోగడ నేను ఇచ్చుకున్న అర్జీ. ఇప్పటి అర్జీ దానికి పూర్తిగా విరుద్ధం. వివరణ 9వ అంశంలో కలదు.

అయ్యా,

1. ముందుగా అధికార పరిధి గురించి. పోయిన సోమవారం నేను కౌంటరు వద్దకు రాగా, అక్కడి గుమాస్తా జగన్ గారు నా మాట మొత్తం ఓపికగా విని, "పెద్దాయనా, సముద్రం మన జిల్లాల లేదు" అని సెలవిచ్చారు. ఆ సంగతి నాకు తెలియును. అయితే చెరువు ఎక్కడ తెగినా, మునిగిన ఇల్లు జనగామలో ఉన్నది. కావున ఈ అర్జీ ఇక్కడే స్వీకరించదగినదని మనవి. జగన్ గారి మీద నాకు ఫిర్యాదు లేదు. బాధితురాలి సంతకం కూడా ఉంటే కాగితానికి బలం అని సలహా ఇచ్చినది ఆయనే.

2. మా అల్లుడు శ్రీకర్ మహబూబాబాద్‌లో ఎరువుల దుకాణం నడుపుతాడు. బుద్ధిమంతుడే గానీ ఫోనులో ఏది కనబడితే అది కొంటాడు. మా పెళ్లిరోజుకని విశాఖపట్నం నుంచి చెన్నై పోయే విహార ఓడకు మా ఇద్దరికీ టికెట్లు తీశాడు. రాజమణి అంతవరకు సముద్రం చూసి ఉండలేదు. నేను దుకాణం, పండుగ సరుకు, మోకాళ్లు అని మూడు కారణాలు చెప్పాను. ఆ మూడూ చెప్పేలోపల ఆమె చీరలు సర్దుకున్నది. కావున వెళ్లాము.

3. ఓడ ఎక్కగానే మైకులో ఒక ప్రకటన చేశారు. సముద్రాన్ని కాపాడుట కొరకు తమ ఓడలో ప్లాస్టిక్ బాటిళ్లు పూర్తిగా తీసివేసినామని, ఇకపై అట్టడబ్బాలలోనే మంచినీళ్లు ఇస్తామని తెలిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ముందు ఏమి జరగబోవునో తెలియక కొట్టిన ఆ చప్పట్లను నాకు వ్యతిరేకంగా పరిగణించరాదని ప్రార్థన.

4. ఇక్కడ నేను నీళ్లు తాగే పద్ధతి గురించి విన్నవించుట అవసరం. మా తండ్రిగారు నేర్పిన ప్రకారం, ఏ పాత్ర అయినా నోటికి తగలనీయకుండా, జానెడు పైకెత్తి పోసుకొని తాగుట నాకు అలవాటు. వరంగల్ రోడ్డులో పరుగెత్తే ఆర్టీసీ బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకొని, రెండో చేత్తో బాటిల్ ఎత్తి చుక్క కింద పడకుండా తాగగలను. గొప్ప కోసం చెప్పుట లేదు. కండక్టర్లు కూడా మెచ్చుకున్నారు.

5. ఈ పద్ధతి వల్ల లాభం ఏమిటనగా, ఒకే బాటిల్ పదిమంది తాగవచ్చును. మా దుకాణంలో మూటలు మోసే మంగీలాల్‌ది నర్మెట్ట పక్క తండా. అతను, నేను ఏండ్ల తరబడి ఒకే బాటిల్ ఎత్తిపోసుకొని తాగుతున్నాము. అతని ఎంగిలి నేను తాగుతానా, నా ఎంగిలి అతను తాగుతాడా అనే ప్రశ్న మా మధ్య ఏనాడూ రాలేదు. బాటిల్ రానీయలేదు. ఇన్నేండ్లుగా అది నా మంచితనం అనుకున్నాను గానీ, బాటిల్ మంచితనం అని ఓడ మీద తెలిసింది.

6. సదరు అట్టడబ్బా నిర్మాణంలోని లోపాలు:

(ఎ) లోపల నీళ్లు ఎంత ఉన్నవో కనబడవు. ఎంత వంచవలెనో చేతికి అందదు.

(బి) గట్టిగా పట్టుకుంటే అట్ట లోపలికి పోయి, నీళ్లు ఒక్కసారిగా బయటికి వస్తవి.

(సి) వచ్చిన నీళ్లు నోట్లోకి కాక ముక్కులోకి పోతవి. మిగిలినవి అంగీ మీదికి పోతవి. అది పెళ్లిరోజు అంగీ.

7. సంఘటన. సాయంత్రం అందరినీ ఓడ పైఅంతస్తుకు పిలిచి, పొద్దు మునుగుట చూడమని చెప్పి మనిషికొక అట్టడబ్బా ఇచ్చారు. మధ్యాహ్నం భోజనంలో ఉప్పు ఎక్కువై నాకు బాగా దాహంగా ఉన్నది. నా డబ్బా ఎత్తగా పైన (ఎ), (బి), (సి) వరుసగా జరిగినవి. పక్కనే ఉన్న రాజమండ్రి పెద్దమనిషి, "అలా ఎత్తకండి మేస్టారూ, నోటికి పెట్టేసుకుని తాగేయండి!" అన్నాడు. ఆయన భార్య పైట అడ్డం పెట్టుకొని నవ్వింది. నాకు తల కొట్టేసినట్లయింది. ఆ సమయంలో రాజమణి తన డబ్బా మూత తిప్పి, మామూలుగా నోటికి పెట్టుకొని కొంచెం తాగి, నా వైపు చాపింది.

నేను అన్న మాట యథాతథంగా: "ఎంగిలి చేసినవు గదా! ఇగ గదెవరు తాగుతరు?"

కొంచెం గట్టిగా అన్నాను. అందరూ మా వైపు చూశారు. రాజమణి డబ్బాకు మూత పెట్టి, దాన్ని పక్కనున్న బల్ల మీద ఉంచి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డది. నేను నీళ్ల కోసం రెండు అంతస్తులు కిందికి దిగి, దారి తప్పి, ఈత కొలను దగ్గర తేలి, దాహంతోనే తిరిగి వచ్చాను. అప్పటికి పొద్దు మునిగింది. సముద్రం ఎట్లున్నదని అడిగాను. "ఉన్నది" అన్నది.

8. ఇంటికి వచ్చిన తరువాతి పరిస్థితి. రాజమణి అలగలేదు. అలిగితే బుజ్జగించే మార్గం నాకు తెలియును. ఆమె అల్లుడికి ఫోను చేసి అవే అట్టడబ్బాలు పెట్టెల కొద్దీ తెప్పించింది. ప్రతి భోజనానికి నాకొకటి, తనకొకటి. కలంతో ఒకదాని మీద 'ఆయనది' అని, రెండోదాని మీద 'నాది' అని రాస్తుంది. నాకు స్టీలు కంచం తీసివేసి విస్తరాకు వేస్తున్నది. ఎందుకని అడిగితే, "మీ కంచంల నలభై ఏండ్లు తిన్న. ఏనాడన్న ఎంగిలి అన్ననా? ఇగ మీది మీకు, నాది నాకు. లొల్లి లేదు" అన్నది.

అయ్యా, ఈ కంచం సంగతి కొంచెం వివరించవలసి ఉన్నది. నేను తిని లేచిన కంచంలోనే ఆమె వడ్డించుకొని తినేది. అది పాత పద్ధతి అని మా అమ్మాయి ప్రత్యూష మమ్మల్ని ఎన్నోసార్లు కోప్పడ్డది. ఆ కోపం న్యాయమే. కానీ ఆ కంచంలో నేను రోజూ ఒక ఆవకాయ ముక్క, టెంకకు కండ బాగా పట్టినది, పక్కకు ఉంచి లేచేవాడిని. ఆ సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు, చెప్పే అవసరం పడలేదు. ఇప్పుడు విస్తరాకు మడిచి పారవేయుటే గనుక, ఆ ముక్క ఎక్కడ పెట్టాలో తెలియక నేనే తింటున్నాను. సహించడం లేదు.

మాటలు లేవా అంటే ఉన్నవి. "తిన్నరా", "తాళం ఏసిండ్రా" అని అడుగుతుంది. మా దుకాణంలో నేను గిరాకీతో ఇంతకంటే ఎక్కువ మాట్లాడతాను. మంగీలాల్ కూడా, "సేటు, మా ఇంట్ల లొల్లయితే రెండు రోజులే. మీది నెల దాటింది. ఏం జేసినవ్?" అని అడిగాడు. నీళ్ల డబ్బా గురించి అని చెప్పాను. నమ్మలేదు. అయ్యా, నాకు ఏడుపు వస్తున్నది. ఇటువంటి వాక్యం అర్జీలో ఉండవచ్చునో లేదో తెలియదు. ఉండకూడదంటే తమ సిబ్బంది కొట్టివేయగలరు.

9. ప్లాస్టిక్ మంచిదని నేను వాదించుట లేదు. మోరీ అర్జీ ఇచ్చినది నేనే. ఆ మోరీలో తేలిన బాటిళ్లలో సగం నా దుకాణంలో అమ్మినవే అన్నది కూడా వాస్తవం. సముద్రంలో చేపలు వాటిని మింగి చనిపోతున్నవని మా మనుమరాలు నిఖిత బడిలో బొమ్మ గీసి బహుమతి తెచ్చుకున్నది. చేపల పట్ల నాకు సానుభూతి కలదు. అయితే చేపల గురించి అడిగేవారు లోకంలో చాలామంది ఉన్నారు, నా గురించి అడిగేవారు లేరు గనుక ఈ అర్జీ వ్రాయవలసి వచ్చినది.

పై కారణముల దృష్ట్యా కోరునది ఏమనగా:

(అ) ఓడలలో మునుపటివలె బాటిళ్లు ఇప్పించవలెను.

(ఆ) అది వీలు కానిచో, ప్రతి అట్టడబ్బా మీద 'భార్య తాగిన పిమ్మట భర్త తాగవచ్చును' అని తెలుగులో, ప్రభుత్వ ముద్రతో అచ్చు వేయించవలెను. ఆనాడు అటువంటి ఆధారం కంటి ముందర ఉంటే నేను రాజమండ్రి వారికి చూపించి తాగేవాడిని.

(ఇ) అదీ వీలు కానిచో, నేను అన్న మాట దాహం వల్లను, తడిసిన అంగీ వల్లను వచ్చినదే తప్ప మనసులోనిది కాదని ధ్రువీకరిస్తూ, తమ కార్యాలయం నుంచి రాజమణి పేరిట ఒక ఉత్తరం పంపించవలెను. నేను చెబితే వినుట లేదు.

తమకు భూములు, పింఛన్లు, రోడ్లు అనేక పనులు ఉండునని ఎరుగుదును. వాటి నడుమ వీలు చూసుకొని ఈ కాగితమును కూడా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (ఇంట్లో ఇంకా రుజువు కాలేదు),
బ్రహ్మానందం

తా.క.: పై భాగం స్టేషన్ రోడ్డులో టైపు చేయించినది. ఇది ఇంట్లో కూర్చుని చేతితో వ్రాస్తున్నాను. అక్షరాలు బాగాలేకుంటే మన్నించండి.

జగన్ గారు చెప్పినట్లు సంతకం కొరకు కాగితం రాజమణి చేతికి ఇచ్చాను. ఆమె పప్పు దించి, కళ్లద్దాలు పెట్టుకొని, పొయ్యి దగ్గర నిలబడే మొత్తం చదివింది. ఆవకాయ ముక్క దగ్గర ఆగింది.

"గది మీరు కావాల్నని ఇడిచేదా?" అని అడిగింది.

అవునన్నాను.

"మీకు నోట్ల పండ్లు సరిగ్గ లేక ఇడిచిపెడుతున్నరనుకున్న" అన్నది. మళ్లీ చదివింది. చదివి రెండు తప్పులు చూపించింది.

"ఏడో నంబరుల, కొంచెం తాగి ఇచ్చిందని రాసిండ్రు. ఒక్క గుక్క తాగిన. మొత్తం తాగరాకనా నాకు? అంగీ తడుపుకొని దూపతోని ఉన్నరని, మిగిలిందంత మీకే ఉంచి ఇచ్చిన. ఇంకోటి, అందరు మన దిక్కు చూసిండ్రని రాసిండ్రు. మన దిక్కు గాదు. నా దిక్కు చూసిండ్రు."

బల్ల మీద ఆమె సగం తాగి పెట్టిన, 'నాది' అని రాసిన డబ్బా ఉన్నది. తీసుకొని, ఎత్తకుండా, నోటికి పెట్టుకొని తాగాను. ముక్కులోకి పోలేదు. అంగీ తడవలేదు. నీళ్లు చల్లగా ఉన్నవి.

ఆమె చూస్తూ నిలబడ్డది. "అన్నది నలుగురి ముందట. తాగేది వంటింట్లనా?" అన్నది.

అయ్యా, ఈ ప్రశ్న న్యాయమైనది. కావున పై (అ), (ఆ), (ఇ) కోరికలు రద్దు చేసుకుంటున్నాను. ఓడలలో అట్టడబ్బాలే ఉండనివ్వండి. వాటికి బదులుగా నా కోరిక ఒక్కటే. వచ్చే సోమవారం ప్రజావాణిలో, హాలు నిండా అర్జీదారులు ఉన్నప్పుడు, మైకులో నా పేరు పిలిపించండి. రాజమణి ఒక అట్టడబ్బా తెస్తుంది. ముందు ఆమె తాగుతుంది. తరువాత అదే డబ్బా నేను అందరి ముందర నోటికి పెట్టుకొని తాగుతాను. రెండు నిమిషాలు చాలు. దీనికి సముద్రంతో పని లేదు. ఈ పని పూర్తిగా తమ పరిధిలోనిదే అని జగన్ గారికి చెప్పగలరు.

రాజమణి వస్తానన్నది. సంతకం పెడుతూ ఒక మాట తనే రాస్తానన్నది. కింద రాసినది ఆమె.

సార్, ఆయన రాసింది నిజమే. ఓడ మీద అందరు నా దిక్కు చూసిండ్రు. సోమవారం నాడు మాత్రం అందరు ఆయన దిక్కే చూసెటట్టు జర మీరు చెప్పండ్రి.

– రాజమణి