ఇరవై మూడు టిక్కులు

చిరంజీవి పిచ్చుకకు నాయనమ్మ దీవెనలు.

ఇక్కడ మీ అమ్మా నాన్నా క్షేమం. నా సంగతి కింద రాస్తాను. ఫోనులో చెప్పచ్చు కదా అంటావు. నేను ఫోను మాట్లాడేటప్పుడు మీ అమ్మ పక్కనే ఉంటుంది.

ఒంట్లో తూలినట్టుందని నేనొక ముక్క రాస్తే, "తల తిరుగుతోందా, కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగావు. మంచి ప్రశ్న. ముప్పై ఏళ్ళు వ్యాకరణం చెప్పినదాన్ని, ఆ రెంటికీ తేడా ఇప్పుడు తెలిసింది. తల తిరిగితే గది తిరుగుతుంది. కళ్ళు తిరిగితే గదే ఉండదు. నాది రెండోది. మంచం మీద నుంచి లేవగానే చెవుల్లో హోరు, కళ్ళ ముందు చీకటి. పది అంకెలు లెక్కపెట్టేలోపు తేటపడుతుంది. మొన్న మంగళవారం మెట్ల మీద పదిహేడు దాకా లెక్కపెట్టాను.

కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాకేనా అని కూడా అడిగావు. అవును, ఆరో రోజు నుంచి. డబ్బాలో మడతపెట్టిన కాగితాన్ని భూతద్దంతో చదివాను. కలగగల ఇబ్బందుల్లో తల తిరగడం ఉంది. ఆ రోజే మాత్ర మానేశాను. నాలుగు రోజులకు తగ్గినట్టే అనిపించింది. ఎవరికీ చెప్పలేదు.

ఇక అసలు సంగతి. మాత్ర మానేశాను గాని, టిక్కు మానలేదు. నా మందుల పుస్తకం నీకు తెలుసు: తేదీ, వేళ, మాత్ర, టిక్కు. ఖాళీ గడి కనబడితే మీ అమ్మ అడుగుతుందని పెట్టాను. ఇరవై మూడు టిక్కులు, ఇరవై మూడూ అబద్ధాలు. మాత్రలు బీరువాలో ఉన్ని శాలువా మడతలో ఉన్నాయి.

నిన్న రక్తపరీక్ష కాగితాలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కొలెస్ట్రాల్ వీసమెత్తు దిగలేదు. ఆయన నా పుస్తకం తిరగేసి, "ఒక్క రోజు కూడా తప్పలేదే. అయినా దిగలేదంటే మోతాదు చాలట్లేదన్నమాట" అన్నాడు.

"మా అత్తగారి పుస్తకం తప్పుతుందా అండీ, గోడ గడియారం తప్పాలి గాని" అంది మీ అమ్మ.

"కళ్ళు తిరగడంలాంటిదేమన్నా ఉందా అమ్మా?" అని డాక్టరు నన్నడిగాడు.

"లేదు" అన్నాను. ఆయన మోతాదు రెట్టింపు రాశాడు.

ఆ మాత్రల అట్ట ఇప్పుడు నా బల్ల మీద ఉంది. వేసుకుంటే ఏమవుతుందోనని భయం. వేసుకోకపోతే రక్తనాళం ఎక్కడ పూడుకుపోతుందోనని భయం. రెంటికన్నా పెద్దది ఇంకోటి. మెట్ల మీద కళ్ళు తిరిగేనాటికి మాత్ర మానేసి పద్దెనిమిది రోజులైంది. మాత్ర వల్ల కాకపోతే మరి దేనివల్ల?

ఇంతవరకు రాసి, నోటితో చెప్పలేక, ఈ కాగితాలే మీ అమ్మ చేతికిచ్చాను. నిలబడే చదివింది.

"ఇదేం పని అత్తయ్యా? మెట్ల మీద పడుంటే?"

"పడలేదుగా."

"అయితే దానికీ ఒక టిక్కు పెట్టుకుందామా?"

మీ అమ్మ వెంటనే డాక్టరుకు ఫోను చేసింది. కొత్త మాత్ర ముట్టుకోవద్దన్నాడు. తనకు చెప్పకుండా మానినందుకు నాకు చివాట్లు పెట్టి, రేపు పొద్దున్నే రమ్మన్నాడు. పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి రక్తపోటు చూస్తాడట. గుండె కూడా చూస్తాడట. ఏం బయటపడుతుందో.

ఇందాక స్నానానికి వెళ్ళాను. గడియ పెట్టొద్దంది మీ అమ్మ. తలుపు బయట పీట వేసుకుని కూర్చుని, నిమిషానికోసారి "అత్తయ్యా, ఉన్నారా?" అని కేకేసింది. మామూలుగా అయితే "ఎక్కడికి పోతానే?" అని కసిరేదాన్ని. ఈరోజు అడిగిన ప్రతిసారీ "ఉన్నాను" అన్నాను. ఒకసారి తను అడగడం ఆలస్యమైతే, నేనే ముందు చెప్పాను.

ఇట్లు,
నీ నాయనమ్మ