టెంక పట్టని కాయ

అరకు,
ఫిబ్రవరి 9.

ప్రియమైన నాన్నకి,

ఉత్తరం చూసి ఏమైందోనని కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది, వేళకి తింటున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు "ఊఁ" అంటావు, నేను వెంటనే కాఫీ గింజలు ఎండాయా, అమ్మ మోకాలు ఎలా ఉంది అని మాట మార్చేస్తాను. ఇప్పటికి మూడుసార్లు అలాగే అయింది. అందుకే కాగితం పట్టుకున్నాను. సంత రోజున రవిబాబు తన ఆటోలో తెచ్చి నీ చేతికి ఇస్తాడు.

ఇది మొదలుపెట్టాక నాలుగుసార్లు లేచాను. ఒకసారి పాలు పొంగిపోయాయి. ఒకసారి ఏ పనీ లేకుండా స్టేషన్ దాకా నడిచి, కిరండూల్ బండి దిగిన టూరిస్టులు ఫోటోలు తీసుకుంటుంటే చూసి తిరిగొచ్చాను. కూర్చోలేకపోతున్నాను నాన్నా, కూర్చుంటే చెప్పాల్సి వస్తుందని.

నా ఆట సంగతి నీకు సగమే తెలుసు. హుకుంపేటలో కంప్యూటర్ పని చేసే రోజుల్లో సాయంత్రాలు ఊసుపోక మొదలుపెట్టాను. ఫోన్లో ఆడుకునే ఆట. ప్రతివాళ్ళకీ ఒక మామిడి చెట్టు ఉంటుంది. నీళ్ళు పొయ్యాలి, కోతుల్ని తోలాలి. ముప్పై మంది కలిస్తే ఒక ఊరు. అందరి చెట్ల కాయలూ ముదిరిన రోజున దిసారి వచ్చి మామిడి కొత్త పండగ అని చెబుతాడు. అప్పటిదాకా ఎవరూ ఒక్క కాయ కోయకూడదు, మన ఊళ్ళో లాగే. పొద్దున్నే ఆట తెరవగానే దిసారి గొంతు వినిపిస్తుంది: "ఇంకా అవ్వనేదు. ఆగండి." మన ఊరికి పండగల రోజు చూసి చెప్పే దిసారివి నువ్వే. ఇంకెవరి గొంతు పెడతాను?

గుర్తుందా, నువ్వు అరుగు మీద తాడు పేనుతుంటే ఫోన్ ముందు పెట్టి ఆ మాట అనమన్నాను. నవ్వుతూ అన్నావు. "ఇప్పుడు కోసుకోండి అను" అంటే మాత్రం నవ్వడం మానేశావు. "ఆ మాట ఉత్తినే అనకూడదే గుంటా. ఆ రోజొస్తే నువ్వే ఇందువుగానీ" అన్నావు. నేను చైత్రం దాకా ఆగి, పండగ రోజున డప్పుల మధ్యలో నీ మాట పట్టుకున్నాను. ఆటలో అది ఏడాదికి ఒక్కసారే వినిపించేది. ఆ ఒక్కసారి కోసం నాలుగు వందల మంది, ఎవరో ఏ ఊరివాళ్ళో, ప్రతి పొద్దునా వచ్చి "ఆగండి" అనిపించుకుని వెళ్ళేవారు. ఒక్క పైసా వచ్చేది కాదు, అయినా అన్నం తింటూ నాలో నేనే నవ్వుకునేదాన్ని.

ఇంత బాగా ఆడుతున్నారు కదా, ఇదే నా పని అయితే ఎంత బాగుంటుంది అనుకున్నాను. ఉద్యోగం మానేశాను. బొమ్మలు వేసే రాజేష్ కూడా నన్ను నమ్మి తన ఉద్యోగం మానేసి బొబ్బిలి నుంచి వచ్చేశాడు. అరకులో గది తీసుకున్నాం, కంపెనీ పేరు రాయించాం. ఆడేవాళ్ళు వందల నుంచి వేలల్లోకి పెరిగారు. అప్పటి నుంచి ఆట తయారు చేసేది రోజుకి ఒక గంట. మిగతా పొద్దంతా జనం ఎందుకు మానేస్తున్నారో చూడటం, ఫోన్లో తెరుచుకోవడం లేదని తిట్టేవాళ్ళకి సారీ చెప్పడం, ప్రకటనలు ఎక్కడ ఇరికించాలా అని వెతకడం. నా సొంత చెట్టుకి నేను నీళ్ళు పోసి ఏడు నెలలైంది. రాజేష్ మొన్న తల వంచుకుని, "ఇంకో రెండు నెలలు సూత్తాను అక్కా. మా మావయ్య కొట్లో కూకోమంతన్నాడు" అన్నాడు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీ మా ఆట తీసుకుంటామంటోంది. రెండేళ్ళు మా ఇద్దరికీ జీతాలిస్తారు. అక్కడ హారిక గారని ఒకావిడ చూస్తారు. చెడ్డ మనిషి కాదు, ఓపిగ్గా మాట్లాడుతుంది. "వచ్చినవాళ్ళలో సగానికి సగం మూడో రోజుకే వెళ్ళిపోతున్నారు కుమారి గారూ. ఆగమంటే ఈ రోజుల్లో ఎవరు ఆగుతారు? ఒక బటన్ పెట్టండి. ముప్పై తొమ్మిది రూపాయలు కడితే దిసారి వచ్చి కోసుకోండి అనాలి" అంది.

గొంతు ఎవరిదో వాళ్ళ సంతకం కావాలట, నెలాఖరు లోపల. ఆ కాగితం ఇందులో పెట్టాను. నీ మాటలు రెండూ అందులో రెండు వరసల్లో రాసి ఉన్నాయి. కింద సంతకం చెయ్యాలి. చేస్తే మేం నిలబడతాం, లేకపోతే మూసేస్తాం. నిన్ను బలవంతపెట్టడం లేదు అని రాయబోయాను, కానీ పెడుతున్నట్టే ఉంది. చిన్నప్పుడు నీ రేడియో విప్పేసి మళ్ళీ బిగించలేకపోయిన రోజున కూడా నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ధైర్యంతోనే అడుగుతున్నాను.

నీ కూతురు,
రాజకుమారి


అరకు,
ఫిబ్రవరి 18.

నాన్నా,

నీ దగ్గర నుంచి ఏ కబురూ లేదు. రవిబాబుని అడిగితే, "మీ నాన్న సదివి పంచాంగంలో ఎట్టీసాడు. ఏటీ అన్నేదు" అన్నాడు. నువ్వు ఏమీ అనకపోవడం కన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

మొదటి ఉత్తరంలో అబద్ధం రాశాను. బటన్ పెడదామా అని అడుగుతున్నట్టు రాశాను కదా, అది పెట్టేసి అప్పటికే పదిహేను రోజులు. ముందు కొన్నాళ్ళు పెట్టి చూద్దాం అన్నారు హారిక గారు. సరే అన్నాను. పండగ రోజు పట్టుకున్న దాన్లోంచి డప్పుల చప్పుడు తీసేసి, నీ మాట ఒక్కటి విడిగా కోసి బటన్ కింద పెట్టాను. గంట కూడా పట్టలేదు. మొదటి రోజే ఆరు వందల మంది నొక్కారు. పూత కూడా రాని చెట్ల కింద నిలబడి నువ్వు ఆరు వందలసార్లు "కోసుకోండి" అన్నావు. రాజేష్ బిరియానీ తెచ్చాడు. నేనూ తిన్నాను. బాగుందనే తిన్నాను.

ఆ తర్వాత పైడితల్లి గారని, మొదటి నుంచి ఆడుతున్న ఒక పెద్దావిడ నాకు రాసింది. "అమ్మా, మా ఊళ్ళో ముప్పై మందిమీ ఆగుతున్నాం. మొన్న ఒకరు డబ్బు కట్టి కోసుకున్నారు. నిన్న తొమ్మిది మంది. ఇంక పండగ ఎవరి కోసం? నేను ఈ రోజు నుంచి రావడం లేదు." ఇంతే. కోపంగా కూడా లేదు. నేను జవాబు రాయలేదు. ఏదో పని ఉన్నట్టు కంప్యూటర్ తెరుస్తాను, మూస్తాను, గది ఊడుస్తాను, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తాను. ఎక్కడ ఎవరి ఫోన్ మోగినా నీ గొంతే అనిపిస్తోంది.

ఇంకొకటి చెప్పాలి. నువ్వు జవాబివ్వకపోయేసరికి ఇంకో కాగితం తీసి నీ సంతకం నేనే పెట్టాను. ఎనిమిదిసార్లు పాత పేపరు మీద రాసి చూసుకుని, తొమ్మిదోసారి దాని మీద పెట్టాను. అచ్చం నీదిలాగే వచ్చింది. కవరు అంటించి సంచిలో వేసుకుని తిరుగుతున్నాను. పోస్టాఫీసు ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాను. పంపలేదు, చింపనూ లేదు. హారిక గారు రోజూ అడుగుతోంది. నెలాఖరు దగ్గర పడుతోంది.

ఏదో ఒకటి అను నాన్నా.

కుమారి


మన ఊరు,
ఫిబ్రవరి 24.

అమ్మా కుమారీ,

నువ్వు రాసినవి రెండూ చేరాయి. నేను చదివింది అయిదో తరగతి, రాసేది పంచాంగం పక్కన గుర్తులు. బడిలో నేర్పిన తెలుగులో నెమ్మదిగా రాస్తున్నాను. ఆలస్యానికి సగం కారణం అదే.

నీ మొదటి ఉత్తరం రాకముందే నాకు సంగతి తెలుసు. అంతకు ముందు సంతలో మీ అమ్మా నేనూ చింతపండు అమ్ముతున్నాం. ఎండుచేపల దుకాణం దగ్గర ఎవరిదో ఫోన్లోంచి నా గొంతు "కోసుకోండి" అంది. అది మాఘ మాసం. చెట్లకి పూతే సరిగా రాలేదు. పక్కనే ఉన్న యర్రమ్మ నా వైపు తిరిగి, "ఏటి దిసారీ, పూత కోసీమంతావేటి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ చేతిలో తక్కెడ కింద పెట్టేశాను. పరధ్యానంలో నేనే అన్నానేమో అనుకున్నాను. ఎందుకంటే ఒకసారి అన్నాను.

నువ్వు పుట్టిన మరుసటి ఏడు. సాలూరు నుంచి షావుకారు గొడుగు వేసుకుని వచ్చేవాడు. అతనికి ఊరగాయకి పచ్చికాయ కావాలి, బేగి కావాలి. మన కొత్త పండగకి ఇంకా పదిహేను రోజులుంది. "రోజు సెప్పీది నువ్వే కదా దిసారీ" అన్నాడు. వెళ్తూ వెళ్తూ అరుగు మీద ఒక రేడియో మర్చిపోయినట్టు వదిలేసి వెళ్ళాడు. మర్నాడు నేను ఊరిని పిలిచి మంచి రోజు ముందుకొచ్చిందని చెప్పాను, కోసుకోండి అన్నాను. వారంలో చెట్లు ఖాళీ అయ్యాయి.

ఆ కాయలకి టెంక పట్టలేదు. వానల్లో ధాన్యం అడుగంటితే మనం ఏం తాగుతామో నీకు తెలుసు, టెంక పిండి అంబలి. ఆ ఏడు ఎవరింట్లోనూ టెంకలు లేవు. యర్రమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని రెండుసార్లు మన ఇంటికి వచ్చింది. మీ అమ్మ బుట్ట బోర్లించి చూపించింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ ఏటి నుంచి నేను రోజు చెప్పినా, యర్రమ్మ రాలిన కాయ ఒకటి కత్తితో కోసి, టెంక చూసుకుని గానీ చెట్టు దగ్గరికి రాదు. పాతికేళ్ళుగా నేను అది చూస్తూనే ఉన్నాను.

నువ్వు ఆరో ఏట విప్పి పాడు చేసింది ఆ రేడియోనే. మీ అమ్మ కర్ర తీస్తే ఆపాను. నీ మీద ప్రేమ అనుకుని ఉంటావు. కొంత అదే. మిగతాది ఏమిటంటే, నేను చెయ్యలేని పని నువ్వు చేశావు. అందుకని నిన్ను తిట్టడానికి నాకు నోరు లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నువ్వు పంపిన కాగితం ఇందులో పెట్టాను. మొదటి వరస పక్కన సంతకం పెట్టాను. "ఆగండి" ఎన్నిసార్లయినా వాడుకో. రెండో వరస కొట్టేశాను. ఆ మాట నేను ఒకసారి అమ్మాను, నువ్వు ఒకసారి అమ్మావు, మన ఇంటికి అంతే చాలు. నువ్వు పెట్టిన సంతకం చింపెయ్యి. నాకంటే బాగా పెట్టి ఉంటావు, అందుకే అది నాది కాదు.

దీంతో మీ కంపెనీ మూతపడితే అందులో నా చెయ్యి కూడా ఉంటుంది. ఆ సంగతి తెలిసే కొట్టేశాను. వ్యాపారం చెయ్యొద్దని నేను అనడం లేదు. మీ అమ్మా సంతలో అమ్ముతుంది. గింజ తియ్యని చింతపండుని గింజ తియ్యలేదని చెప్పే అమ్ముతుంది.

నాకు తోచింది ఒకటి చెబుతాను, నవ్వకు. రవిబాబు ఫోన్లో నీ ఆట నాలుగు రోజులు ఆడాను. ముందు కోసుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు, మన ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళకి దిసారి చేత చెప్పించకు. షావుకారుని పెట్టు. డబ్బు అతనే తీసుకోనీ. ముందు కోసినవాడికి కాయ ఇవ్వు, టెంక ఇవ్వకు. తర్వాత నీ ఆటలో వానలు కురిపించు. టెంకలు లేనివాడు పక్కింటికి వెళ్ళి అడగాలి. ఇవ్వాలో వద్దో ఆగినవాళ్ళు చూసుకుంటారు. అప్పుడు తెలుస్తుంది ఎవరు మూడో రోజున వెళ్ళిపోతారో. మీ అమ్మకి చెబితే, "ముందు ఆ పైడితల్లి గారికి రాయమను గుంటని" అంది. హారిక గారు ఒప్పుకోకపోవచ్చు. అడిగి చూడు. రాజేష్ షావుకారు బొమ్మ వేస్తే గొడుగు మర్చిపోవద్దను.

చైత్రంలో రా. ఆ అబ్బాయిని కూడా తీసుకురా. ఆ రోజున నీ ఫోన్ నా ముందు పెట్టు, ఈ ఏటి మాట ఈ ఏడే అంటాను. ముందు ఒక కాయ కోసి యర్రమ్మ చేతికిచ్చి టెంక చూడమంటాను, తర్వాతే నోరు విప్పుతాను. ఈసారి డప్పుల చప్పుడు తియ్యకు.

పూత బాగుంది. ఎప్పుడు కోస్తామని మాత్రం అడగకు. ఇంకా అవ్వనేదు.

మీ నాన్న,
మల్లేశు