శ్రుతి దించిన సంగతి

టార్నీట్, మెల్‌బోర్న్
ఆదివారం

నాన్నకి,

నీ పెద్దకూతురు బిందు నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాలు ఎలా ఉంది? స్టేజీ మెట్లు ఎక్కగలుగుతున్నావా? అమ్మ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? చిన్ని పరీక్షలు ఎలా రాసింది? అడిగితే "బానే రాశా" అని ఫోన్ పెట్టేస్తుంది, అందుకే నిన్ను అడుగుతున్నాను.

ఇవన్నీ ఫోన్లోనే అడగొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే అమ్మ స్పీకరు పెడుతుంది, కింది వాటా వాళ్ళు కూడా పలకరిస్తారు. ఇప్పుడు రాయబోయేది నీ ఒక్కడికే. అమ్మకి ఎంతవరకు చెప్పాలో చదివాక నువ్వే చూసుకో.

టూరు మధ్యలోనే ఆగిపోయింది నాన్నా. అడిలైడ్ దాకా వెళ్ళాల్సినవాళ్ళం, మౌంట్ గాంబియర్ నుంచే వెనక్కి తిరిగాం. హ్యాటీ అమెరికా వెళ్ళిపోయింది. నేను మళ్ళీ ఉమా ఆంటీ వాళ్ళింట్లో వెనకగదిలో చేరాను. ఒంట్లో బాగానే ఉంది, వేళకి తింటున్నాను, కంగారు పడకు. కానీ ఆ టూరు ఆగడానికి కారణం నేనన్న ఒక మాట. అనడం తప్పో ఒప్పో తేల్చుకోలేకపోతున్నాను.

హ్యాటీ గురించి నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. డెబ్భై దాటిన మనిషి. టెన్నెసీలో కొండల మధ్య వాళ్ళ ఊరు. పాట తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, గిటారు వాయిస్తూ ఒక్కతే పాడుతుంది. చిన్నప్పుడు వాళ్ళ ఊరు ఆనకట్ట కింద ముంపులో పోయిందట. కాఫీ హోటళ్ళలో పాడుకునే వయసులో దాని మీద ఒక పాట కట్టింది. పాట చివర ఆ ఊరి పేరు పెట్టి పిలుస్తుంది, పిలుస్తూ పిలుస్తూ గొంతుని పైకి తీసుకెళ్ళి అక్కడ వదిలేస్తుంది. ఆ పాట రేడియోలో మోగింది. అలాంటిదే ఇంకోటి కావాలన్నారు రికార్డు కంపెనీ వాళ్ళు. రాలేదు. వాళ్ళూ మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ ఆవిడ బతుకంతా రోడ్డే. తన కారు, తన గిటారు, వెనక సీట్లో తన రికార్డుల పెట్టెలు. చేసుకున్న రెండు పెళ్ళిళ్ళూ ఏదో ఊరికీ ఏదో ఊరికీ మధ్య పోయాయని నవ్వుతూ చెబుతుంది. ఎక్కడికెళ్ళినా జనం వచ్చేది ఆ ఒక్క పాట కోసమే. మిగతావన్నీ దాని కోసం ఎదురుచూసే పాటలు.

జీవితమంతా తనే నడుపుకున్న మనిషికి ఇక్కడ ఎడమవైపు నడపాలంటే భయం. అందుకే డ్రైవరు కావాలని ప్రకటన ఇచ్చారు. ఆఫీసులో ఎక్సెల్ షీట్ల ముందు కూర్చోలేక మానేసి ఖాళీగా ఉన్నాను కదా, వెళ్ళి చేరాను. ఉమా ఆంటీ ఒక్కరోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు కాఫీ ఇస్తూ, "ఏంటి బిందూ, మాస్టర్స్ చేసింది గిటార్లు మొయ్యడానికా? అంకుల్ కొలీగ్స్ అడిగితే నేనేం చెప్పాలి? ఐటీ అనే చెప్తాలే" అంది. అయినా బయల్దేరే రోజు గోంగూర పచ్చడి సీసా బ్యాగులో పెట్టింది.

ఇది ఇక్కడ చలికాలం. సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది. పగలంతా వ్యాను, రెండువైపులా గొర్రెలు, కంచెలు, ఎంత దూరం పోయినా అదే ఆకాశం. మోటెల్ గదిలో హీటరు మోతే తోడు. తిండి అంటే పబ్బులో బంగాళాదుంప చిప్స్, లేకపోతే సూపు. నేను పొద్దున్నే పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టుకునేదాన్ని. హ్యాటీ ఒకసారి గోంగూరతో రుచి చూసి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాపింది.

కచేరీలు చిన్న హాళ్ళలో. వచ్చేవాళ్ళంతా తల నెరిసినవాళ్ళు, ఉన్ని టోపీలు, కుర్చీల మీదకి ఇంటి నుంచి తెచ్చుకున్న దిండ్లు. నా పని రికార్డులమ్మే బల్ల దగ్గర. పాట అయ్యాక అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. మా ఆవిడ పోయినప్పుడు ఈ పాటే పెట్టాం అని ఒకాయన, మా నాన్న లారీలో ఇదే వినేవాడు అని ఒకావిడ. హ్యాటీ ప్రతి ఒక్కరి చెయ్యీ పట్టుకుని, ఆ మాట జీవితంలో మొదటిసారి వింటున్నట్టు వినేది. అందుకే ఆవిడంటే నాకు అంత ఇష్టం.

గిటారు మెడ మీద ఒక క్లిప్పు పెడతారు నాన్నా, కేపో అంటారు. అది పైకి జరిపితే శ్రుతి పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. ఆ పాటకి బాలరట్‌లో కేపో మెడ మధ్యలో ఉంది. తర్వాత ఊళ్ళో కిందికి జరిగింది. హార్షమ్ వచ్చేసరికి తీసి జేబులో వేసుకుంది. హామిల్టన్‌లో తీగలే వదులు చేసింది, లావు తీగ కొట్టినప్పుడల్లా గరగరమంది. అయినా ఊరి పేరు దగ్గర గొంతు అందలేదు. నవ్వి, చెయ్యి జనం వైపు చాపింది. వాళ్ళు తమకి పాడే అవకాశం ఇచ్చిందనుకుని ఆనందంగా అందుకున్నారు. హాలు మొత్తంలో అసలు సంగతి తెలిసింది నాకొక్కదానికే అనుకుంటా. నీ కూతుర్ని కదా.

సత్యం బాబాయి గుర్తొచ్చాడు. రాజు వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే ఊరంతా వన్స్‌మోర్ అనేది. ఆయన గొంతు తగ్గుతుంటే నువ్వు హార్మోనియం మీద అరశ్రుతి దించేసేవాడివి, ఆయనకి కూడా తెలియకుండా. "ఆయనతో ఒక మాట చెప్పొచ్చుగా" అని అమ్మ అంటే, "చెబితే రేపు గొంతెత్తడే" అన్నావు. చివరికి ఒక ఊళ్ళో జనం ఈలలేసి ఆయన్ని పద్యం మధ్యలో దింపేశారు. రంగు తుడుచుకోకుండానే వచ్చి మన నాటకం వ్యానులో కూర్చున్నాడు. "నీకు ముందే తెలుసు కదరా" అన్నాడు నీతో. నేను నీ పక్కనే కూర్చున్నాను, నా చేతిలో ఆయన కిరీటం ఉంది.

హామిల్టన్ దాటాక రోడ్డు పక్క బేకరీ దగ్గర ఆగాం. హ్యాటీ మీట్ పై అనే మాంసం కూరిన రొట్టె మీద సాసు పోసుకుంటూ అడిగింది:

"నువ్వు రోజూ వెనక నిలబడి వింటావు. అన్ని ఊళ్ళలోనూ విన్నది నువ్వే. నిన్న ఎలా పాడాను?"

"బాగా పాడారు."

"ఆ మాట హాలువాళ్ళు కూడా అంటారు పిల్లా, వాళ్ళకి కుర్చీలు నిండితే చాలు. మీ నాన్నది ఈ పనే అన్నావుగా. ఆయనుంటే ఏమనేవాడు?"

"ఏమీ అనడు. శ్రుతి దించేస్తాడు."

పెద్దగా నవ్వింది. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. తర్వాత నవ్వు ఆపి, "నేనూ దించుకుంటూనే వస్తున్నాను. ఇంకా ఎంత దించమంటావు?" అంది.

అప్పుడే అన్నాను నాన్నా. "ఇంకా దించితే తీగలు పలకవు, హ్యాటీ."

ఆవిడ ఆ రొట్టె మొత్తం తినేసింది. కాగితం మడతపెట్టి చెత్తబుట్టలో వేసి వచ్చింది. వ్యాను ఎక్కి సీటు బెల్టు పెట్టుకుంది.

మౌంట్ గాంబియర్‌లో ఆ సాయంత్రం ఆ పాట దాకా వచ్చి, జేబులోంచి కేపో తీసింది. బాలరట్‌లో ఉన్నచోటికంటే కూడా పైన, రేడియోలో మోగిన శ్రుతిలో బిగించింది. మొదటి చరణాలు సన్నగా, నిలకడగా నడిచాయి. ఊరి పేరు దగ్గర జనం అలవాటుగా అందుకోబోతే వద్దని చెయ్యి ఊపి, ఒక్కతే ఎత్తుకుంది. విరిగిపోయింది నాన్నా. పైన సగంలో విరిగి, గాలి మాత్రమే వచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరుసలో ఒకావిడ దిండు గుండెకి హత్తుకుని కూర్చుంది. హ్యాటీ ఆ నిశ్శబ్దంలోనే పాట ముగించి, గిటారు పెట్టెలో పెట్టుకుంది. బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు.

"ఎందుకలా చేశారు?" అన్నాను బయటికొచ్చాక.

"నీ మాట నిజమో కాదో చూడాలి కదా" అంది.

మర్నాడే అడిలైడ్ వాళ్ళకి ఫోన్ చేసి రానని చెప్పేసింది. ఎయిర్‌పోర్టులో అమ్ముడుపోని రికార్డులు నాకే ఇచ్చేసింది. నా మీద కోపమా అని అడిగాను.

"ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది" అంది. అయినా నా భుజం తట్టి, మళ్ళీ తట్టి వెళ్ళింది. అంతే. తర్వాత మెసేజ్ పెట్టాను, చదివినట్టు కనిపిస్తోంది, జవాబు లేదు.

ఆవిడ ఇంటికెళ్ళి ఏం చేస్తుందో నాకు తెలియదు. ఆవిడకి ఇల్లంటూ సరిగ్గా లేదు, చెల్లెలింట్లో ఒక గది ఉంది. నేను నోరు మూసుకుని ఉంటే అడిలైడ్‌లో కూడా జనం సంతోషంగా అందుకునేవాళ్ళేమో, ఇంకో ఏడాది అలాగే నడిచేదేమో. లేకపోతే ఏదో ఊళ్ళో ఈలలు వేసేవాళ్ళేమో. ఈ రెండిట్లో ఏది మేలో ఎంత ఆలోచించినా తెగడం లేదు. రాత్రుళ్ళు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఇది మాత్రం అమ్మకి చెప్పకు.

నా ఉద్యోగం గురించి బెంగ వద్దు. రెండు చోట్ల అప్లై చేశాను. వీసాకి ఇంకా గడువుంది. ఉమా ఆంటీ అద్దె ఊసెత్తడం లేదు, అన్నం తినకపోతే మాత్రం గోల చేస్తోంది. ఎవరైనా వచ్చేటప్పుడు అమ్మ చేత్తో కొట్టిన కారం కొంచెం పంపు.

సత్యం బాబాయి ఇంకా మన పక్క పేటలోనే ఉన్నాడు కదా. వీధిలో ఎదురైతే నువ్వు సైకిలు దిగి చైను చూసుకుంటున్నట్టు వంగుతావు, చాలాసార్లు చూశాను. నా కోసం ఒక్కసారి ఆయన ఇంటికి వెళ్ళు నాన్నా. ముందే చెప్పి ఉంటే బాగుండేదా అని అడుగు. నాకు జవాబు చెప్పగలిగింది ఆయనొక్కడే. నిన్ను తిట్టినా, తలుపు తియ్యకపోయినా, ఏం జరిగితే అది రాయి. నేను బాధపడతానని మాత్రం తగ్గించి రాయకు.

అమ్మకి, నాయనమ్మకి నా దండాలు. చిన్నికి నా ముద్దులు, కాస్త చివాట్లు కూడా. నీ చెయ్యి నా తల మీద ఉన్నట్టే అనుకుంటూ,

నీ కూతురు
బిందు