మార్పించిన తేదీ

చిరంజీవి పద్మినికి,

నాన్న దీవెనలు. ఇక్కడ ఇన్సేన్ ఊళ్లో నేనూ, మీ మేనత్త దేముడమ్మా బాగానే ఉన్నాం. సరిహద్దు అవతలి దేశంలో నువ్వు బాగున్నావని ఈసారి రాయలేకపోయావు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నిలబడితే తల వెనక పట్టేస్తోంది, పడుకుంటే పది నిమిషాల్లో పోతోంది అన్నావు. మీ అమ్మ కూడా ఇవే మాటలు అంది. ఆవిడ బొటనవేలు మణికట్టుకి తాకేలా వంగేది. నీదీ అదే ఒళ్లు. అలాంటివాళ్లకి వెన్నుపాము చుట్టూ ఉండే పొర సులువుగా చిరుగుతుందట.

అమ్మ స్కాన్ కాగితాలన్నీ పంపమన్నావు. ఒక్కటే ఉంది, ఆఖరి రోజుది. మెదడుకి రెండు వైపులా రక్తం. వెన్నులో నీరు కారిపోయి మెదడు కిందికి జారి ఉంటుందని ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. ముందే మందు ఎక్కించి తలకీ వెన్నుకీ ఎం.ఆర్.ఐ. తీసుంటే తెలిసేదట. చిల్లు దొరికితే మన రక్తమే కాస్త తీసి, వెన్నులో ఎక్కించి మూస్తారట.

కరెంటు లేక ఆ ఎం.ఆర్.ఐ. ఆగిందని నీకు చెప్పాను. ఈ ఊళ్లో ఎవరైనా నమ్మే మాట. ఆ రోజు కరెంటు ఉంది పద్మినీ. అమ్మవారి పండగ అదే రోజు పడింది. తేదీ నేనే మార్పించాను.

"పడుకుంటే పోయే నొప్పి ఏటి నొప్పి వదినా? ఘటం ఎత్తు, అమ్మోరే సూసుకుంటాది" అంది మీ అత్త.

"నిలబడనేను బావా" అంది మీ అమ్మ.

కాలేజీలో చదువుకున్నవాణ్ని. "ఒక్క పూటే కదా, మొక్కు తీర్చెయ్" అన్నాను. నెత్తిన ఘటంతో మూడు గంటలు నడిచింది. పక్కన నేను గొడుగు పట్టాను. కొత్త తేదీ రాకముందే, తొమ్మిదో రోజు ప్రాణం పోయింది.

ఈ ఏడు అమ్మ ఘటం నువ్వు ఎత్తుతానన్నావు, స్కాన్ పండగయ్యాక అన్నావు. రావద్దు. మా ఇంటి ఘటం లేదని గుడి చూసే కోటిబాబుకి చెప్పేశాను.

"అమ్మోరికి కోపమొస్తాది మావా" అన్నాడు.

"నా మీద రానీరా" అన్నాను. మీ అత్త అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.

ఆసుపత్రివాళ్లు ఇచ్చిన తేదీకే వెళ్లు. బండిలో కూడా పడుకునే వెళ్లు. తలకి ఒక్కదానికే స్కాన్ తీసి బాగుందంటే లేచి రాకు, వెన్నుకి కూడా తీయమని అడుగు. సిగ్గుపడకు, పోట్లాడు. నన్ను క్షమించమని ఇదంతా రాయలేదు. ఇకమీదట నువ్వు నన్ను నాన్నా అని పిలవకపోయినా ఓర్చుకుంటాను. ఇంకొకర్ని కాటికి మొయ్యలేను.

ఇట్లు,
మీ నాన్న
ధనరాజ్