అరచేతుల మధ్య బంతి

జూన్ 3, ఉదయం 9

తాయ్‌చీ అనే చైనా వ్యాయామం క్లాసులో మొదటిరోజే ఫస్ట్ వచ్చాను. ఈ వయసులో కొత్త విద్య మొదలుపెట్టడమే గొప్ప. అందులో ఫస్ట్ రావడం ఇంకా గొప్ప. అందుకే ఈ డైరీ కొన్నాను.

కమ్యూనిటీ హాల్లో మొత్తం పన్నెండుమందిమి. టీచరమ్మ పూర్వం నర్సట. మోకాళ్ళు వదులుగా వంచి, రెండు అరచేతుల మధ్య బంతి ఉన్నట్టు నిలబడమంది. ధ్యాసని బొడ్డు కింద నుంచి భుజాలకి, అక్కణ్ణుంచి అరచేతులకి మెల్లగా పంపమంది. కాసేపటికి అక్కడ వెచ్చగా, జివ్వుమన్నట్టు ఉంటుందట. అదే లోపలి శక్తి, చీ అంటారట.

తర్వాత పరీక్ష. కళ్ళు మూసుకుని చెయ్యి చాపాలి. ఆవిడ తన అరచేతిని మన చేతికి బెత్తెడు ఎత్తున ఉంచి, చెప్పకుండా తీసేస్తుంది. ఎప్పుడు తీసిందో మనం చెప్పాలి. రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్‌కి పదికి మూడు. మా ఆవిడ మొద్దుబారిన తన ఎడమచెయ్యి చాపింది, సున్నా. నాకు పదికి పది.

రెప్పల సందులోంచి చూశాను. ఇది డైరీ కాబట్టి రాస్తున్నాను.

జూన్ 4

ఏం చెయ్యను? ముప్పై ఒక్క ఏళ్ళు బేకరీలో ఓవెన్ ముందు నిలబడ్డవాణ్ణి. కాలే ట్రేలు గుడ్డ లేకుండా లాగేవాణ్ణి, తోటి మాస్టర్లు నోరెళ్ళబెట్టి చూసేవాళ్ళు. అరచేతులు కాయలు కాసి అట్టలైపోయాయి. ట్రే వేడే తెలియని చేతికి టీచరమ్మ చేతి వెచ్చదనం ఎక్కడ తెలుస్తుంది! అలాగని పోస్ట్‌మాస్టర్ ముందు సున్నా తెచ్చుకోవడం మా ఇంటావంటా లేదు.

జూన్ 10

నన్ను ముందు వరసలో నిలబెట్టింది టీచరమ్మ. అందరూ నన్ను చూసి నేర్చుకోవాలట. పోస్ట్‌మాస్టర్ నా చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, ఏం తింటారు సార్ అని అడిగాడు. బన్ను అన్నాను. ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

జూన్ 11

క్లాసు నుంచి వస్తూ దారి పొడవునా మా ఆవిడ ఎడమచేతిని కొంగు కింద దాచుకునే నడిచింది.

జూన్ 17, సాయంత్రం

ఇక క్లాసుకి రానంది.

అసలు చేరిందే ఆవిడ కోసం. కిందటేడు స్ట్రోక్ వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది. ఎడమచెయ్యి కదులుతుంది గానీ స్పర్శ లేదు. కూరలు తరుగుతుంటే వేలు తెగినా, రక్తం కనబడేదాకా తెలియదు. చేతి మీద ధ్యాస పెట్టడం అలవాటైతే మంచిదేనని డాక్టరే ఈ క్లాసుకి పంపాడు. గ్యారంటీ మాత్రం ఇవ్వనన్నాడు.

ఇవాళ సోఫాలో కూర్చుని, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. కాయలు కాసిన మీ చేతులకే మొదటిరోజు అంత బాగా తెలిసిందంటే, నా చెయ్యి ఇక చచ్చినట్టేగా, అందరి ముందూ నవ్వులపాలు కావడం ఎందుకండీ అంది.

నేను గొప్పకి పోయి ఆడిన అబద్ధం వెళ్ళి వెళ్ళి ఆవిడ చేతి మీద పడింది. సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పేద్దామని నోరు తెరిచి, టీ పెట్టనా అన్నాను.

జూన్ 18

చెప్పలేదు.

జూన్ 19

చెప్పలేదు. మూడుసార్లు టీ పెట్టాను.

జూన్ 20, ఉదయం 10

చెప్పేశాను! ఇంట్లో కాదు. ఆవిణ్ణి బతిమాలి క్లాసుకి తీసుకెళ్ళి, అందరి ముందూ చెప్పాను. ఆ పదికి పదీ దొంగ మార్కులని, బేకరీ చేతులకి నిప్పే తెలియదని, రెప్పల సందులోంచి చూశానని. తప్పు ఒప్పుకోవడంలోనూ ఆ హాల్లో నేనే ఫస్ట్. నాకు ముందే అనుమానం అన్నాడు పోస్ట్‌మాస్టర్. మొన్నటిదాకా నా చేతులు కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ, ఇప్పుడు అనుమానమట.

మా ఆవిడ పగలబడి నవ్వింది. స్ట్రోక్ తర్వాత ఆ నవ్వు వినడం ఇదే మొదటిసారి. ఇంటికి పదండి మీ సంగతి చెప్తాను అంటూనే, వెళ్ళి వరసలో నిలబడింది.

టీచరమ్మ తిట్టలేదు. పిండి పొంగిందో లేదో చేతి ఏ వైపుతో చూసేవారు అని అడిగింది. అరచేత్తో ఎవరైనా చూస్తారా, చేతి వెనకవైపు ఆనించి చూస్తాం అన్నాను. అని, ఆగిపోయాను. ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన పని, నాకే తట్టలేదు. అయితే చెయ్యి తిప్పండి అంది.

తిప్పాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వేళ్ళ కణుపుల మీద గోరువెచ్చగా, పొంగే పిండి పక్కన చెయ్యి పెట్టినట్టు. ధ్యాసతో దాన్ని మెల్లగా మణికట్టుకి తోశాను. మోచేతిదాకా వచ్చి ఆగింది. పదికి నాలుగు. పోస్ట్‌మాస్టర్ కన్నా ఒకటి ఎక్కువ, అదీ న్యాయంగా వచ్చినది.

జూలై 2

ఇంట్లో ప్రాక్టీసు. ఆవిడ ఎడమచేతి వెనకవైపున, బెత్తెడు ఎత్తులో నా చెయ్యి. ఇరవై నిమిషాలు. ఏమీ లేదంది. రేపు కూడా చేద్దాం అని కూడా అంది. నా పదికి పది కన్నా ఆ మాటకి ఎక్కువ గర్వపడ్డాను.

జూలై 9

ఏమీ లేదు.

జూలై 15

ఏమీ లేదు. రేపు అంది.

జూలై 21, ఉదయం 7

ఆవిడ కళ్ళకి నా పాత బేకరీ ఏప్రన్ కట్టాను. ఎంతైనా నా పెళ్ళాం, నా తెలివితేటలు అబ్బి ఉంటాయని. కాసేపయ్యాక, ఆవిడ ఎడమచేతి పైనుంచి చప్పుడు కాకుండా నా చెయ్యి తీశాను.

తీసేశారేం, అంది.