నాలుగు ఇళ్ల అవతల

జూన్ 3

ఈ వయసులో డైరీ ఎందుకంటే, నేను చెప్పేది వినేవాళ్లు తగ్గిపోయారు. నేను నోరు తెరవగానే మా ఆవిడకి పొయ్యిమీద ఏదో మాడుతున్న వాసన వస్తుంది. కాగితం అయితే లేచి వెళ్లిపోదు.

మేడమీద గదిలో బల్ల మీద బొమ్మ రైలు లేఅవుట్ పూర్తయింది. సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా బతుకంతా ఇతరుల బొమ్మలు ఆడించాను. ఇప్పుడు నా బొమ్మ నేను ఆడించుకుంటున్నాను. ఒక స్టేషన్, రెండు లైన్లు, పక్కనే మా వీధి. అచ్చం మా వీధే. ఒకే వరసలో పన్నెండు ఇళ్లు, ఒక్కో ఇంట్లో బియ్యపుగింజంత దీపం. రెండో నెంబరు మాది. మూడు టైలరుది. ఆరు మా అమ్మాయిది. అల్లుడు ఊరి చివర ఇల్లు చూసుకుంటుంటే మా ఆవిడే పట్టుబట్టి ఇక్కడ కాపురం పెట్టించింది. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. బీపీ ఎక్కువగా ఉంది, మంచం దిగడానికి వీల్లేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో మా ఇద్దరికీ మరో ధ్యాస లేదు. ధ్యాస మళ్లించుకోవడానికే నాకీ రైలు.

దీపాలకి డిజిటల్ కంట్రోల్ పెట్టాను. పాత పద్ధతిలో దీపానికో స్విచ్చి, స్విచ్చికో తీగ. ఇందులో అన్నింటికీ కలిపి రెండే తీగలు. బల్ల కింద డీకోడర్లని చిన్న పెట్టెలు ఉంటాయి, పెట్టెకి నాలుగు దీపాలు. చేతిలో పట్టుకునే హ్యాండ్‌సెట్‌లో ఇంటి నెంబరు కొట్టి పచ్చ బటన్ నొక్కితే వెలగాలి, ఎర్రది నొక్కితే ఆరాలి. వీధిలో నిలబడి పేరు పెట్టి కేకేసినట్టన్నమాట. కేక అందరికీ వినపడుతుంది, పలికేది ఒక్కడే.

ఆ పలికేవాడే తప్పు పలుకుతున్నాడు. అయిదు కొడితే ఒకటో ఇల్లు వెలిగింది.

జూన్ 4

బల్ల కింద దూరి వైరింగంతా విప్పి చూశాను. బయటికి రావడానికి మా ఆవిడ చెయ్యి కావలసి వచ్చింది. ఏడు కొడితే మూడు వెలుగుతోంది. ఎనిమిది కొడితే నాలుగు. ఒకటి నుంచి నాలుగు దాకా ఏది కొట్టినా ఉలుకూ పలుకూ లేదు.

ఒంటిగంటకి కింద నుంచి సీలింగ్ మీద చీపురుకర్రతో రెండు దెబ్బలు. భోజనానికి దిగమని. మా ఇంట్లో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఫెయిల్ కాని సిగ్నల్ అదొక్కటే. దానికి డీకోడర్ అక్కర్లేదు.

జూన్ 6

ఇవన్నీ అమ్మిన షాపతనికి ఫోన్ చేశాను. పెట్టెలు పాడవలేదు తాతగారూ, లెక్కలో తేడా అంతే, అన్నాడు. హ్యాండ్‌సెట్ కంపెనీ మొదటి పెట్టెని సున్నా అని లెక్కపెడుతుందట, డీకోడర్ కంపెనీ ఒకటి అంటుందట. పెట్టెకి నాలుగు దీపాలు కదా, ఆ నాలుగూ అక్కడ జారిపోయాయి. కావాలంటే పెట్టెలకి కొత్త నెంబర్లు నేర్పుకోవచ్చు, లేదంటే నాలుగు కలుపుకుని కొట్టండి, అదే సుఖం, అన్నాడు.

సుఖం వైపే మొగ్గాను. మా సినిమా హాల్లో గోడగడియారం పది నిమిషాలు ముందు నడిచేది. మేనేజర్లు మారారు, గోడ రంగు మారింది, గడియారాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అందరం చూడగానే పది తీసేసి చదువుకునేవాళ్లం. ఒకసారి మెకానిక్ ఎవరో దాన్ని సరిచేసిపోతే ఆ రోజు ఆటలన్నీ ఆలస్యం.

జూన్ 12

టైలరు ఇంటి దీపం దానంతటదే ఆరింది. హ్యాండ్‌సెట్ కిటికీలో ఉంది, నేను కుర్చీలో ఉన్నాను. బల్బు మంచిదే. సాల్డరింగ్ మంచిదే. మల్టీమీటర్ పెట్టి చూస్తే పెట్టెకి కరెంటు వస్తోంది. దీపం పోలేదు. ఆరమని ఎవరో చెప్పారు, ఆరింది. నాలుగు కలిపి ఏడు కొట్టి పచ్చ బటన్ నొక్కాను. వెలగలేదు.

సాయంత్రం ఊరికే టైలరు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. మనిషి దుక్కలా ఉన్నాడు. నేను ఎగాదిగా చూస్తుంటే, ఏంటి బాబాయ్, కొలతలు తీసుకోవాల్సింది నేను కదా, అన్నాడు.

జూన్ 13

ఏడో ఇంటి దగ్గుల మాస్టారు పోయారు. డ్రాయింగ్ మాస్టారు. నా బొమ్మ ఇళ్ల కిటికీలకి ఆయన బ్రష్‌తోనే రంగులు వేశాను. రాత్రి దగ్గు లేకపోయేసరికి వీధంతా హాయిగా నిద్రపోయింది, తెల్లారాక సిగ్గుపడింది.

అన్నీ అయ్యాక స్నానం చేసి పైకి వచ్చాను. టైలరు దీపం వెలుగుతోంది.

జూన్ 21

ఆరో ఇల్లు ఆరింది.

పరుగెత్తాను. చెప్పుల్లేకుండా. అమ్మాయి దిండ్లకి ఆనుకుని జామకాయ తింటోంది. ఏమైంది నాన్నా, అమ్మ తరిమిందా, అంది. పొట్ట మీద చెయ్యి పెట్టనిచ్చింది. లోపలివాళ్లెవరో గట్టిగా తన్నారు. నన్ను వెతుక్కుంటూ వెనకాలే వచ్చిన మా ఆవిడ, కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికి దొంగలు పడ్డట్టు దూసుకొస్తారా, ఉన్న తెలివి కాస్తా ఆ బొమ్మ రైలు కింద పడిపోయిందా, అని వీధిలోంచే మొదలుపెట్టింది. ఎన్ని తిట్టినా తియ్యగానే ఉంది.

జూన్ 22

పదో ఇంటి బేకరీ ఆయన. పిండి బస్తా భుజానికెత్తుకుని అలాగే కూలిపోయాడట. నలభై కూడా నిండలేదు.

ఆరో ఇల్లు వెలుగుతోంది.

జూన్ 24

షాపతను హ్యాండ్‌సెట్ తీసుకుని పరీక్షించాడు. లోపం లేదన్నాడు. పక్కింటి రిమోటేదైనా తగులుతోందా అని అడిగితే, తీగల్లో నడిచే మాట గాల్లోంచి రాదు తాతగారూ, అన్నాడు. మరి ఎక్కడి నుంచి వస్తుందన్నాను. ఎవరైనా నొక్కితేనే వస్తుందన్నాడు.

జూలై 2, ఉదయం

రెండో ఇల్లు. మాది. ఆరలేదు, మినుకుమినుకుమంటోంది. చెప్పబోయి ఆగినట్టు.

ప్లగ్ పీకేశాను. స్టేషన్ ఆరింది, సిగ్నళ్లు ఆరాయి, పదకొండు ఇళ్లు ఆరాయి. అదొక్కటే మినుకుమంటోంది.

అయితే నా వంతన్నమాట. చిత్రం, భయం వెయ్యలేదు. ఆఖరి రీలు ఎక్కించాక ఆపరేటర్‌కి వచ్చే తీరుబడి ఒకటుంటుంది. జనం ఇంకా ఏడుస్తూనో నవ్వుతూనో ఉంటారు, మనం మాత్రం క్యారేజీ కడుక్కుని చొక్కా తొడుక్కుంటాం. అలాంటి తీరుబడే వచ్చింది. మనవణ్ణో మనవరాలినో చూడలేకపోతానే అని మాత్రం అనిపించింది. టిఫిన్ల దగ్గర, నేను పోతే ఏం చేస్తావే అని అడిగాను. ముందు గ్యాస్ బుక్ చేసి పొండి అంది.

జూలై 2, సాయంత్రం

రెండుకి నాలుగు కలిపితే ఆరు.

జూలై 3

ఇంత మొద్దుబుర్ర లోకంలో ఉండదు. మూడో దీపం ఆరితే ఏడో ఇంటి మాస్టారు. ఆరో దీపం ఆరితే పదో ఇంటి బేకరీ ఆయన. పంపేవాడెవడో సరైన నెంబరే పంపుతున్నాడు. నా పెట్టెలు నాలుగు జారి తప్పుగా వింటున్నాయి. దాదాపు నెలరోజులుగా నాలుగు కలిపే నొక్కుతున్నవాణ్ణి, ఒక్కసారి కలిపి చదువుకోలేకపోయాను.

మా దీపం మినుకుమంటోందంటే పిలుస్తున్నది ఆరో ఇంటిని.

పొద్దున్నే అల్లుడు పరుగెత్తుకొచ్చాడు. అమ్మాయికి కాళ్లు వాచాయి, కళ్లు మసకలంటోంది, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం మావయ్యా, అన్నాడు. మా ఆవిడ సంచి సర్దుకుని వెళ్లింది. వాళ్లు వెళ్లాక పైకి వచ్చాను. మినుకు తొందరగా పడుతోంది.

పెట్టెలకి కొత్త నెంబర్లు నేర్పితే? లాభం లేదు. వినేవాణ్ణి మార్చినంత మాత్రాన కేకేసేవాడు మారడు. మా హాలు, పక్క ఊరి హాలు ఒకే ప్రింటుతో ఆడించేవి. ఇక్కడ ఆడిన రీలు సైకిలాయన అక్కడికి పట్టుకెళ్లేవాడు. ఒకసారి మా మేనేజరు రీలు కదలనివ్వలేదు. ఇక్కడ ఆడుతోందయ్యా అని తలుపేసుకున్నాడు. అక్కడ ఆ రాత్రి ఆట లేదు. రీలు ఒకటే. ఒకచోట పట్టుకుంటే మరోచోటికి పోదు.

అవతలివాడికి కావలసింది ఒక నెంబరు. సరే, ఆరుకి బదులు ఒకటి నేనే ఇస్తాను.

ప్లగ్ మళ్లీ పెట్టి హ్యాండ్‌సెట్ తీసుకున్నాను. వేలు అలవాటుగా ఆరు మీదికి పోయింది. మా దీపం ఆర్పాలంటే ఇన్నాళ్లూ నొక్కింది ఆరే కదా. అది నొక్కితే అవతలివాడికి వినపడేది అమ్మాయి ఇల్లే. చెయ్యి దులుపుకున్నాను. తుడుచుకున్నాను. నాలుగు కలపకుండా, మా ఇంటి నెంబరు ఉన్నదున్నట్టు రెండు కొట్టాను. తెర మీద రెండు పడిందని కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఎర్ర బటన్ నొక్కాను.

బొమ్మవీధిలో ఏదీ ఆరలేదు. ఆ నెంబరు వినే పెట్టె నా బల్ల కింద లేదు. వినవలసినవాడు విన్నట్టున్నాడు. మినుకు ఆగింది. మా దీపం నిలకడగా వెలిగింది.

జూలై 4, ఉదయం

ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

అల్లుడు ఫోన్‌లో ఏడ్చాడు, నేను ఇక్కడ ఏడ్చాను. మా ఆవిడ ఆటో దిగుతూనే, మీ ముక్కే వచ్చింది పాపం, పెళ్లి చెయ్యడం కష్టమే, అంది. డాక్టరమ్మకే నమ్మకం లేని దశ వచ్చి, ఉన్నట్టుండి బీపీ దిగిపోయిందట. మా ఆవిడ రాత్రంతా అక్కడ కుర్చీలోనే కూర్చున్నట్టుంది, మొహం పీక్కుపోయింది. కాసేపు పడుకోవే అంటే, వంట మీరు చేస్తారా అంది. ఒంటిగంటకి పిలుస్తాను, ఇవాళైనా రెండోసారి కొట్టించుకోకుండా దిగండి, నాలుగింటికి పాపని చూడ్డానికి పోదాం, అంది.

దిగుతాను. చూడగలిగితే చూస్తాను. నేను సిద్ధంగానే ఉన్నాను.

జూలై 4, మధ్యాహ్నం

రెండు అన్నాను. రెండంటే ఇల్లు. ఇంట్లో ఇద్దరం ఉన్నామని నిన్న తట్టలేదు.

రెండవుతోంది. కర్ర చప్పుడు లేదు. కొట్టలేదో, కొట్టింది నాకు వినపడలేదో. దిగితే తెలుస్తుంది, మా ఇద్దరిలో ఎవరో.